లైబ్రరీ తాళం మీద నాలుగో వ్యాసం

"రాసి రాసి నాకే విసుగొచ్చిందండీ. అచ్చువేసి వేసి మీకు రాలేదా మాస్టారూ?" అని అడిగాడు తవిటినాయుడు, నాలుగో వ్యాసం బల్ల మీద పెట్టకుండా చేతిలోనే పట్టుకుని.

ఆ అడగడంలో తప్పులేదు. కాలేజీ విద్యార్థి పత్రికకు అతను రాసిన మూడు వ్యాసాలూ ఒక్క సంగతి మీదే. క్లాసులు అయ్యేదీ నాలుగున్నరకే, లైబ్రరీ మూసేదీ నాలుగున్నరకే. ఇక చదివేదెప్పుడు? అద్దెగదిలో అయిదుగురి మధ్య పుస్తకం తెరిస్తే పక్కవాడి సెల్‌ఫోను పాటలే బుర్రకెక్కుతాయి. ఇప్పటికే రెండు సబ్జెక్టులు పోయాయి. ఈసారీ తప్పితే రైసుమిల్లులో పెట్టేస్తామని ఇంట్లో తెగేసి చెప్పారు. పరీక్షలు నెల్లాళ్ళు కూడా లేవు. అందుకే మూడుసార్లూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని, "గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి" అని మొదలెట్టి రాశాడు. ఆ కాలేజీలో కుళాయి కారినా, కిటికీ విరిగినా అందరూ ఆయనకే రాస్తారు. ఆయన పత్రికను టీ గ్లాసు కింద వేసుకుంటారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఆ పత్రిక నడిపేది సదాశివం మాస్టారే. ఆ పూట ఆయనా అలిసిపోయి ఉన్నారు. కొత్త సంచిక కట్ట చంకన పెట్టుకుని, "పద, పంచిపెడదాం" అన్నారు. వ్యాసం ఇవ్వడానికి వచ్చినవాణ్ణి చేతిలో ఉన్న సంచిక పంచడానికి రమ్మనడం ఆయన అలవాటు. ఏదో పని చెప్పి తప్పుకోవడం కుర్రాళ్ళ అలవాటు. మూడుసార్లూ తవిటినాయుడూ అలాగే తప్పుకున్నాడు. ఈసారి సాకు వెతుక్కునే ఓపిక కూడా లేక వెంట నడిచాడు.

వరండా పొడుగునా గదిగదికీ ఇచ్చుకుంటూ లైబ్రరీ దగ్గరికి వచ్చారు. అటెండరు గౌరమ్మ తాళంకప్ప పట్టుకుని గడియారం కేసి చూస్తోంది. ఇన్నాళ్ళూ తవిటినాయుడు ఆమెను తాళం వేసే చెయ్యిగానే చూశాడు, మొహం ఇప్పుడే చూస్తున్నాడు. "ఈ తాళం మీద ఇతను మూడుసార్లు రాశాడు గౌరమ్మా" అన్నారు మాస్టారు.

"నా తాళం మీదా?" కంగారుపడిందామె. "నెలనెలా ఆ కాయితం బల్ల మీద ఏసి ఎల్తారు, నాకు సదువొస్తే గదా బాబూ. నాలుగూ ముప్పావుకి మా ఊరి బస్సు. అది పోతే మరి నేదు. ఎవులైనా పూచీ ఉండి, పొద్దున్నే తాళంచెవి అప్పజెప్తానంటే నాకేటి అడ్డు? అడిగినోళ్ళేరీ?"

తవిటినాయుడికి తల కొట్టేసినట్టయింది. అతను రోజూ కూర్చునే క్లాసుకీ ఆ గుమ్మానికీ మధ్య ఇరవై అడుగులు లేవు. మాస్టారు చీటీ మీద పూచీ సంతకం పెట్టారు. గౌరమ్మ తాళంచెవి అతని చేతిలో పెట్టి, ఫ్యాన్లు ఆపమని రెండుసార్లు చెప్పి బస్సుకు పరుగు తీసింది.

"అయితే నేను రాసినవన్నీ దండగేనా మాస్టారూ?" అన్నాడతను.

మాస్టారు మెట్టు మీద చతికిలబడి మోకాళ్ళు నిమురుకున్నారు.

"ఇరవై రెండేళ్ళుగా ఈ పత్రిక వేస్తున్నానురా. రాసిన ప్రతివాణ్ణీ పద అన్నాను. లేచి వచ్చినవాళ్ళలో నువ్వు రెండోవాడివి."