రాణిగారి పాటలు, మంత్రిగారి తలపాగా

వెనకటికి కలువకొండ రాజ్యంలో, కాలం చేసిన రాణిగారి పాటలన్నీ ఆస్థానపు కంప్యూటరు డిస్కులో భద్రంగా ఉండేవి. సాయంత్రం అయ్యేసరికి రాజుగారు వాటిని వింటూ కూర్చునేవారు. ఆ యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండేవాడు తవిటయ్య.

కొత్త మంత్రి భోగనాథుడు వస్తూనే తవిటయ్యతో, "యంత్రంలో అన్నిటికంటే ముందు మేలుకునే కెర్నల్ బరువెక్కిపోయింది. పరికరాలను నడిపే డ్రైవర్లన్నిటినీ తీసి డిస్కులో పెట్టు. కావలసినప్పుడు పిలుచుకుందాం" అన్నాడు.

"ప్రింటరు డ్రైవరు వరకైతే సరేనండి. డిస్కును చదివే డ్రైవరును కూడానా? ఇక యంత్రం లేవదు, రాణిగారి పాట వినబడదు."

"నాకే పాఠాలా? రేపు సభ ముగిసేలోగా అన్నీ తీసెయ్యి, లేదా కొలువు వదులుకో!"

మర్నాడు మంత్రి తలపాగా లేకుండానే సభకు పరుగెత్తుకొచ్చాడు. "ప్రభూ! మూత వేస్తే తాళం పడే పెట్టె నాది. తలపాగా అందులో పెట్టమని ఇస్తే, ఈ తవిటయ్య తాళంచెవిని కూడా దాంతోపాటు అందులోనే పెట్టి మూత వేసేశాడు!"

"కావలసినప్పుడు తీసుకుంటారు కదా అనుకున్నానండి."

"మూఢుడా! పెట్టె తెరిచే చెవి పెట్టెలోనే ఉంటే ఎలా తీస్తారురా?" అని అరిచాడు మంత్రి.

"మీరు పెట్టమన్నట్టు డిస్కును తెరిచే డ్రైవరు డిస్కులోనే ఉంటే ఎలా తీస్తారో, అలాగేనండి."

రాణిగారు పోయాక రాజుగారు నవ్వడం అదే మొదలు.

"తవిటయ్యా, ఆ ఒక్కదాన్నీ కెర్నల్‌లోనే ఉండనీ. మిగిలినవి మంత్రిగారు చెప్పినట్టే చెయ్యి. ఆ పెట్టె పగలగొట్టే సంగతి, పాటలు విన్నాక చూద్దాం."