గీత పడకుండా తీయాల్సిన తాళం

మణికుండ రాజు చిత్రబాహువుకు ఒకనాడు స్నానాలగది తాళంచెవి కనిపించలేదు. విసుగొచ్చి వంచిన ఇనుప పుల్ల ఒకటి దూర్చి గెలికితే, తాళంకప్ప టక్కున ఊడి చేతిలోకొచ్చింది. అంతే! ఆనాటినుంచి ఆయన రాజ్యం చూడటం మానేసి తాళాలు చూడటం మొదలుపెట్టాడు.

రాజుకు పట్టిన పిచ్చి కొలువుకు పట్టకుండా ఉంటుందా? సభ కాస్తా తాళాల గోష్ఠి అయి కూచుంది. మంత్రి, సేనాపతి, పురోహితుడు, అందరూ ఒళ్ళో కప్పలు పెట్టుకుని పుల్లలతో గెలకడమే పని. ఆ టకటకలు భరించలేక కోట పావురాలు మూడు రాజ్యాలు దాటి వలసపోయాయి. పట్టపుటేనుగు సైతం కాలి గొలుసు తాళం దంతంతో తీసుకోవడం నేర్చింది. అబద్ధమైతే నా పళ్ళన్నీ రాలిపోవాలి. ఉన్నవి రెండేననుకోండి.

ఈ సంగతి ఊళ్ళో పొక్కింది. "మా పెట్టె తాళంచెవి పోయింది, కాస్త తీసిపెట్టరూ" అంటూ జనం బారులు తీరారు. ఎవరి పెట్టె ఎవరిదో ఎవరికి తెలుసు? ఒక ఘనుడైతే పక్కింటివాళ్ళ తలుపును గుమ్మంతో సహా పెకలించి, నెత్తిన పెట్టుకొచ్చి, మా ఇంటిదేనని ఒట్టేశాడు!

దాంతో రాజు చాటింపు వేయించాడు. సొంతదారు అడిగితేనే తాళం తీయాలి. పరాయి సొత్తని తేలిందా, తీసినవాళ్ళకు సగం గుండు, గాడిద మీద ఊరేగింపు.

గోష్ఠికి పెద్ద రంగప్ప నాయకుడు. "తాళభేదన మార్తాండుడు" అని బిరుదు కూడా ఉంది, తనకు తనే ఇచ్చుకున్నాడు. ఒక్కో మీసం పడవ తాడంత. తాళం మాత్రం జన్మలో ఒక్కటి తీసిన పాపాన పోలేదు. నౌకర్లు ముందే ఊడదీసి పెట్టినవాటిని అందరి ముందూ లాగి చూపించేవాడు. నిజంగా చెయ్యి తిరిగింది రాజుగారికి తాంబూలం చుట్టిచ్చే సింగారికి. ఆమె ఉఫ్ అని ఊదితే కప్ప నోరు తెరిచేది. అది రంగప్పకు కంట్లో కారం.

ఇంతలో రాజుగారి బొజ్జ సింహాసనంలో పట్టకుండా పోయింది. వైద్యుడు తీపి మానమన్నాడు. రాణి మందారదేవి పుట్టింటినుంచి వచ్చిన పూతరేకులన్నీ ఓ పెట్టెలో పెట్టి, తాళం బిగించి, చెవి నడుముకు దోపుకుంది. రోజూ రాజు ఎదురుగానే పెట్టె తీసి, లొట్టలేసుకుంటూ ఒక్కతే తినేది.

రాజు తట్టుకోలేక రంగప్పను చాటుకు పిలిచాడు.

"మార్తాండా, నువ్వే దిక్కు. ఎలాగైనా ఆ పెట్టె తీసిపెట్టు. కప్ప మీద గీత పడకూడదు. నే తిన్నాక మళ్ళీ తాళం పడిపోవాలి. రాణికి తెలిసిందో, రేపటినుంచి నాకు గంజే!"

రంగప్ప సరేనన్నాడు. తనకా చేతకాదు. అందుకని సింగారి చేత తీయించి, తర్వాత రాణి దగ్గర ఆమెనే పట్టించేద్దామనుకున్నాడు. రాణి తోటలో ఉన్న సమయం చూసి పెట్టెను గుడ్డలో చుట్టి, సాక్షులుండాలని నిండు సభకే మోసుకొచ్చాడు.  నోరెత్తితే తన గుట్టే బయటపడుతుందని రాజు సింహాసనాన్ని గట్టిగా పట్టుకు కూచున్నాడు. రంగప్ప మీసం దువ్వాడు.

"అమ్మాయ్ సింగారీ! ఇది మా నాయనమ్మ పెట్టె. ఆవిడ పోయి పాతికేళ్ళు. తాళంచెవి బావిలో పడింది. తీస్తావా, చేతకాదని ఒప్పుకుని గోష్ఠి వదిలిపోతావా?"

తీస్తే గాడిద, తీయకపోతే గెంటివేత. సింగారి పెట్టెను చూసింది. రంగప్ప మీసాల మీదుగా కారుతున్న చెమటనూ చూసింది.

"లోపలేమున్నాయి నాయకా?"

"నాయనమ్మ పట్టుచీరలు."

"అంతేనా! దీనికి పుల్లలెందుకు? ఎవరయ్యా అక్కడ, సుత్తి పట్రండి!"

"సుత్తా! వద్దొద్దు, గీత పడకూడదు!"

"చీరల మీదా?"

"కప్ప మీద! తీశాక మళ్ళీ ఎప్పట్లాగే బిగించాలి కూడా."

సింగారి బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"చెవి లేని కప్పను మళ్ళీ బిగించుకుని ఏం చేస్తారు నాయకా, పూజా? తాళంచెవి పోగొట్టుకున్నవాడు పగలగొట్టయినా తీయమంటాడు. గీత పడొద్దనేవాడికి ఎవరో చూస్తారన్న భయముంటుంది!"

సభ గొల్లుమంది. రంగప్ప మీసాలు మోకాళ్ళదాకా వాలిపోయాయి.

"అది... నాయనమ్మ జ్ఞాపకం..."

"జ్ఞాపకాలు లోపలి చీరల్లో ఉన్నాయిగా. సుత్తి దెబ్బకు చీర విరుగుతుందా ఏం?"

నలుగురు వస్తాదులు మోసుకొచ్చిన సుత్తిని సింగారి ఒంటిచేత్తో ఎత్తింది. గిరగిరా తిప్పింది. కప్ప మీదికి దించబోయింది.

రాజు సింహాసనం మీంచి ఒక్క గెంతు గెంతాడు.

"ఆగవే తల్లీ! పూతరేకులు నుగ్గయిపోతాయి!"

 సింగారి సుత్తి దించి, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా అడిగింది.

"నాయనమ్మగారు పోయి పాతికేళ్ళన్నారు కదా ప్రభూ, ఆవిడ పూతరేకులు మీకింకా నోరూరిస్తున్నాయా?"

పురోహితుడు నవ్వి నవ్వి మంత్రి ఒళ్ళో పడ్డాడు. మంత్రి తలపాగా సేనాపతి ఒళ్ళో పడింది. ఆ గోలకు తోటలోంచి పరుగున వచ్చిన రాణి పెట్టెను చూసింది, రాజును చూసింది, ఇంక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. రాజు సిగ్గుపడి, ఆపైన తనూ బొజ్జ పట్టుకుని పడీపడీ నవ్వాడు.

"రంగప్పా, మార్తాండుడికి గ్రహణం పట్టింది, దిగు! నేటినుంచి గోష్ఠికి సింగారే పెద్ద!"

రాణి నడుమునుంచి చెవి తీసి, పెట్టె తెరిచి, సింగారి దోసిలి నిండా పూతరేకులు పోసింది. రాజు కూడా ఆశగా చెయ్యి చాపాడు.

రాణి టక్కున తాళం వేసేసింది.