చలినిద్ర కోసం కొవ్వు పెంచిన ఎలుగుబంటి

గుండ్లకోన అడవిలో జింకలు, కుందేళ్లు, ఏదుపందులు, ఒక ముసలి వడ్రంగిపిట్ట ఉండేవి. గుబురయ్య, నాగులమ్మ అనే ఎలుగుబంటి దంపతులు కూడా అక్కడే కాపురముండేవారు.

ఏటా ఇప్పచెట్టు పూయగానే గుబురయ్య చిటారుకొమ్మ దాకా ఎక్కి పూలు దులిపేవాడు. కింద జంతువులన్నీ కడుపారా తినేవి. పైనున్న తేనెపట్టు మాత్రం దులిపినవారిదే. అది ఆ అడవి కట్టుబాటు. ఆ పెద్దరికమంటే గుబురయ్యకు ప్రాణం.

ఒక కార్తీకంలో ఉత్తరాది నుంచి వలస బాతు వచ్చింది. "మా మంచు దేశంలో ఎలుగులు బలే దొరలయ్యా! ఒళ్లంతా కొవ్వు పెంచి, చలికాలమంతా గుహలో నిద్రపోతాయి" అని చెప్పింది.

గుబురయ్యకు రోషం వచ్చింది. "వాళ్లూ ఎలుగులే, నేనూ ఎలుగునే. నాకేం తక్కువ?" అనుకున్నాడు.

మర్నాటి నుంచి చెదలపుట్టల దుమ్ము ఊది చెదలు పీల్చడం, రేగుపళ్లు ఏరడం మానేశాడు. కొండదారి మలుపులో ఒక హోటల్ ఉంది. దాని వెనక పారబోసిన నేతి మైసూర్‌పాకులు, వనస్పతిలో వేగిన పూరీలు, మాంసం మీది కొవ్వు ముక్కలు రోజూ మింగసాగాడు.

"ఇదేం తిండయ్యా?" అంది నాగులమ్మ.

"నీకు తెలీదులేవే. నిద్రకు కూడబెడుతున్నాను."

కొవ్వు వచ్చింది. నిద్ర రాలేదు. గుండ్లకోనలో మంచు ఎక్కడిది? గుహలో పడుకుంటే చెమట, దోమలు. పొద్దెక్కేసరికి ఆకలి. "ఈ కొవ్వు చాల్లేదు. వచ్చే ఏడాదికి ఇంకాస్త పెంచాలి" అనుకుని మళ్లీ హోటల్ దారి పట్టేవాడు.

ఇలా మూడేళ్లు గడిచాయి. నాలుగడుగులకే ఆయాసం వచ్చేది. ఒకనాడు సరదాకి చెదలపుట్టను ఊదబోతే దుమ్ము లేవలేదు, దగ్గు లేచింది.

నాగులమ్మ భయపడి వడ్రంగిపిట్టను పిలిచింది. మాను లోపలి తెగులును పైనుంచి తట్టి చెప్పగల పిట్ట అది. గుబురయ్య రొమ్ము మీద వాలి టకటకా పొడిచింది.

"అబ్బా! నేనేమన్నా మొద్దునా?"

"కదలకు నాయనా" అంది పిట్ట. చాలాసేపు విని ఇలా చెప్పింది: "నువ్వు తినే నెయ్యి, వనస్పతి, మాంసం కొవ్వులాంటి పేరుకునే కొవ్వులు నెత్తుట్లో చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచుతాయి. అది రక్తనాళాల గోడలకు పట్టి, ఏళ్ల తరబడి దారిని ఇరుకు చేస్తుంది. నీళ్లెక్కే దారి మూసుకుంటే కొమ్మ ఎండిపోతుంది. నెత్తురందకపోతే గుండె గతీ అంతే. హోటల్ మానెయ్. పళ్లు తిను. నెమ్మదిగా నడవడం మొదలుపెట్టు. ఈ ఏడు మాత్రం ఇప్పచెట్టు ఎక్కకు."

"ఎక్కకపోతే నన్ను పెద్దంటారా?" అని గుబురయ్య పిట్టను దులిపేశాడు.

ఇప్పచెట్టు పూసింది. అడవంతా కిందికి చేరింది. గుబురయ్య రొమ్ము విరుచుకుని ఎక్కాడు. సగం దూరం వెళ్లేసరికి రొమ్ము మీద బండ పెట్టినట్టయింది. ఎడమ చెయ్యి లాగేసింది. చెమటలు కారాయి. కొమ్మల పంగలో ఇరుక్కుని కళ్లు మూసుకున్నాడు.

"మామా, పూలు రాలట్లేదు గానీ నువ్వే రాలేట్టున్నావ్!" అని కుందేలు అరిచింది. జింకలన్నీ నాలుగడుగులు వెనక్కి జరిగాయి.

నాగులమ్మ నవ్వలేదు. గబగబా ఎక్కి, తన వీపు అడ్డం పెట్టి, భర్తను మెల్లమెల్లగా దించింది. పిట్ట ఆయన్ను నీడన పడుకోబెట్టించింది. ఊపిరి కుదుటపడ్డాక నాగులమ్మ మళ్లీ చెట్టెక్కింది. చెదలు, పళ్లు తిన్న ఒళ్లు కదా, చిటారుకొమ్మ దాకా ఆగకుండా పోయి పూలు దులిపింది. తేనెపట్టు ఆమెదే అయింది. ఆ ఏడాదే కాదు, ఆ తర్వాత ప్రతి ఏడాదీ.

గుబురయ్య బతికాడు. కానీ మళ్లీ ఆ చెట్టు ఎక్కలేకపోయాడు. పళ్లు తింటూ, పొద్దున్నే కొండ చుట్టూ మెల్లగా నడుస్తూ, పూలకాలంలో కుందేళ్ల పక్కన కూర్చుని రాలినవి ఏరుకునేవాడు.

మరుసటి కార్తీకంలో బాతు వచ్చి, "మా మంచు దేశంలో..." అని మొదలుపెట్టింది.

"అమ్మా, ముందు ఆ మంచు పట్టుకురా. కబుర్లు తర్వాత చెబుదువుగాని" అన్నాడు గుబురయ్య.

నీతి: నాలుక అడిగిందల్లా గుండె మోయలేదు, పేరుకునే కొవ్వులకు హద్దు పెట్టుకోనివాడు ఎంత బలవంతుడైనా సగం చెట్టు దగ్గరే ఆగిపోతాడు.