తోక తిరగబడిన మౌస్

జీడివలస హైస్కూల్లో సన్యాసిరావు అనే కంప్యూటరు మాస్టారు ఉండేవాడు. పాఠం బాగా చెప్పేవాడు గానీ, కంప్యూటర్ని మాత్రం ఏ పిల్లాడినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

కంప్యూటర్లన్నిటికీ గుడ్డ ముసుగులు కుట్టించాడు. దసరాకి వాటికి కుంకుమబొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టేవాడు. పిల్లలు చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని గుమ్మంలోంచి చూసి వెళ్లిపోవాలి. ఇదేం చదువో మరి! పాడైతే ఎవరు జవాబు చెబుతారని ఆయన వాదన. అదీ నిజమే. పాడైన వస్తువుకి పైఅధికారులు సంజాయిషీ అడుగుతారు, రాని చదువుకి ఎవరడుగుతారు?

అందుకని పాఠమంతా నల్లబల్ల మీదే సాగేది. మాస్టారు బొమ్మలు ముచ్చటగా వేసేవాడు. మౌస్ అంటే ఎలుకే కదా అని, దాని తీగను తోకలాగా కిందికి వేలాడేటట్టు గీసేవాడు. పిల్లలూ అలాగే దించుకునేవాళ్లు.

పదో తరగతిలో నీలవేణి అనే అమ్మాయి ఉండేది. కంప్యూటరు పరీక్షలో ఎప్పుడూ నూటికి నూరే. ఆ ఊళ్లో కాలేజీ లేదు. పట్నంలోని గురుకుల కాలేజీలో సీటు వస్తే చదువూ, తిండీ ఉచితం. రాకపోతే వాళ్లమ్మతోపాటు జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్లాల్సిందేనని తండ్రి ముందే చెప్పేశాడు.

ఆ ఏడు ప్రవేశ పరీక్ష కంప్యూటరు మీద పెట్టారు. అందరికన్నా నీకే సులువని మాస్టారు ధైర్యం చెప్పి పంపాడు.

పరీక్ష గదిలో నీలవేణి మౌస్‌ని బొమ్మలో చూసినట్టే పట్టుకుంది. తోక తన మణికట్టు వైపు పెట్టుకుంది. పైకి జరిపితే తెర మీద బాణం కిందికి దిగింది. కుడికి జరిపితే ఎడమకి పోయింది. నొక్కుదామంటే మీటలు అరచేతి కింద ఉండిపోయాయి. ప్రశ్నలన్నీ తెలిసినవే, పాపం. పక్కవాళ్లని అడిగితే కాపీ అంటారేమోనని నోరు మెదపలేదు. చివరికి గదిలో కాపలా ఉన్న మేడమ్ చూసి, మౌస్‌ని సరిగ్గా తిప్పి పెట్టింది. అప్పటికే సగానికి పైగా సమయం అయిపోయింది. సీటు రాలేదు.

మాస్టారికి ఒళ్లు మండిపోయింది. నూటికి నూరు వేస్తే ఇదా నువ్వు చేసిన నిర్వాకమని చెడామడా తిట్టాడు. నీలవేణి కళ్లు తుడుచుకుంది.

"మీరడిగినవన్నీ చెప్పాను సార్. అక్కడ చెప్పమనలేదు, చెయ్యమన్నారు."

మాస్టారు ఆ సాయంత్రమే ఆమె ఇంటికి వెళ్లాడు. పిల్లని పనికి పంపొద్దని, తానే దగ్గరుండి నేర్పి వచ్చే ఏడు మళ్లీ పరీక్ష రాయిస్తానని తండ్రిని బతిమాలాడు.

తండ్రి కోప్పడలేదు. "మీ కంప్యూటర్లు బాగున్నాయి కదండీ మాస్టారూ?" అని మాత్రం అడిగాడు.

మర్నాడు నీలవేణి పిక్కలు ఒలవడానికి వెళ్లింది. బడిలో మాస్టారు ముసుగులు తీసేసి పిల్లలందర్నీ కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టాడు. వారం తిరక్కుండానే ఒక మౌస్ పాడైంది. బజారుకి వెళ్లి కొత్తది తెచ్చాడు. నీలవేణి పోగొట్టుకున్న సీటు మాత్రం ఏ బజార్లోనూ దొరకలేదు.

నీతి: పాడైన వస్తువుని మళ్లీ తెచ్చుకోవచ్చు గానీ, చేత్తో చేయించకుండా నేర్పిన చదువు వల్ల పిల్లలు పోగొట్టుకున్నది తిరిగి తేలేం.