పాముపొడి అమ్మిన ఉడుత

అనగనగా ఒక కొండ, ఆ కొండ కింద ఒక చింతల అడవి. ఆ అడవిలో చెంగి అనే ఉడుతపిల్ల ఉండేది. పిల్ల అన్నానని మరీ పసిది అనుకోకండి. అమ్మకి తిండి తెచ్చిపెట్టాల్సిన వయసు వచ్చింది దానికి. వాళ్ళమ్మ ఎండాకాలంలో కొమ్మ విరిగి కిందపడి కాలికి దెబ్బ తగిలించుకుంది. అప్పట్నుంచీ తొర్ర దిగలేదు. వానలు చూస్తే పది రోజుల్లో ఉన్నాయి. వానలు పట్టుకుంటే బయట గింజ దొరకదు. తొర్రలో గుప్పెడు గింజలు కూడా లేవు.

అందుకే జంబయ్య నక్కకి పనివాళ్ళు కావాలట అని వినగానే చెంగి పరుగెత్తుకుంటూ వెళ్ళింది.

జంబయ్య పాముపొడి అమ్మిస్తాడు. గోధుమరంగు పొడి. ఆకుల్లో పొట్లాలు కట్టి గడపగడపకీ తిప్పిస్తాడు. గుమ్మం ముందు గీతలా పోస్తే పాము ఆ గీత దాటదట.

"జీతమెంత సారూ?" అని అడిగింది చెంగి.

"జీతమా! జీతం తీసుకునేది నౌకర్లు తల్లీ. నీకిచ్చేది కమీషన్. నీకు నువ్వే యజమానివి," అన్నాడు జంబయ్య. "పొట్లానికి ఐదు వేరుశెనగకాయలు. వారం అయ్యాక మొత్తం ఒకేసారి ఇస్తా."

"అమ్ముడుపోకపోతేనో?"

"నీ మొహంలో ఆ కళ చూస్తుంటే పోకపోవడమేమిటి?"

తను అడిగినదానికి అది జవాబు కాదని చెంగికి అప్పుడే అనిపించింది. కానీ పిల్లలూ, ఆకలి మీద ఉన్నప్పుడు మెచ్చుకుంటే కడుపు నిండినట్టే ఉంటుంది. సరేనంది.

రోజుకి మూడు పొట్లాలు అమ్మాలి. రెండే అమ్మితే ఆ రెండూ లెక్కలోకి రావు. పొద్దున్నా, సాయంత్రం హాజరప్పుడూ వరసలో నిలబడి చప్పట్లు కొట్టాలి. పొద్దు కొండ వెనక్కి దిగేలోపల తిరిగొచ్చి హాజరు చెప్పాలి. ఒక్క సాయంత్రం తప్పినా ఆ వారమంతా పోయినట్టే. అరికాళ్ళు బొబ్బలెక్కితే అది నీ కర్మ. మంచినీళ్ళు నువ్వే వెతుక్కోవాలి.

పని నేర్పింది రంగడనే తొండ. జంబయ్య ఏమన్నా తల ఊపుతాడని వాణ్ణే మేస్త్రీని చేశారు.

"మూడు సంగతులు గుర్తుపెట్టుకోవే," అన్నాడు రంగడు. "ఒకటి, తలుపు తియ్యగానే చుట్టరికం కలుపు. అక్కా అను, పెద్దమ్మా అను, తాతా అను. రెండు, తోక గుమ్మంలో పెట్టు. తోక మీద తలుపేసేంత పాపిష్టివాళ్ళు ఎక్కువమంది ఉండరు. మూడు, నిన్ననే పక్కింట్లోకి పాము దూరిందని చెప్పు."

"దూరిందా అన్నా?"

"ఎప్పుడో ఒకప్పుడు దూరే ఉంటుందిలే. నువ్వు చెప్పు."

చెంగి చెప్పింది. మొదటి రోజు నాలుక తడబడింది. రెండో రోజుకి అలవాటైంది. మూడో రోజు నుంచి తనే కొత్త కొత్త పాముల్ని కల్పించడం మొదలుపెట్టింది. ఒక్కోసారి తను చెప్పిన పాముకి తనే భయపడి, నిద్రలో ఉలిక్కిపడి లేచేది. ఎలాగో ఆరు రోజులు మూడేసి పొట్లాలు అమ్మేసింది.

ఏడో రోజు వచ్చింది. ఆ ఒక్కరోజు గడిస్తే వారం కాయలన్నీ చేతికొస్తాయి. అమ్మకీ తనకీ వానాకాలమంతా గడిచిపోతుంది.

కానీ ఆ రోజే ఎవరూ కొనలేదు. కుందేలు తలుపే తియ్యలేదు. తాబేలు పగలబడి నవ్వింది. "నా ఇల్లు నా వీపు మీదే ఉంది కదే పిచ్చిదానా! గుమ్మం చూపించు, కొంటాను," అంది. మధ్యాహ్నం దాటాక ఒక పందికొక్కు, ఒక చుంచెలుక చెంగి పోరు పడలేక చెరో పొట్లం తీసుకున్నాయి. ఇంకొక్కటి మిగిలింది. నీడలు సాగుతున్నాయి.

అప్పుడు ఒక గడ్డిదుబ్బులో కౌజుపిట్ట కనబడింది. ఏడు గుడ్ల మీద రెక్కలు పరచుకుని కూర్చుంది.

చెంగి తోక దుబ్బులోకి దూర్చింది. "అక్కా! బాగున్నావా అక్కా? పక్క దుబ్బులోకి నిన్ననే పాము వచ్చిందట, తెలుసా?"

కౌజుపిట్ట మొహం పాలిపోయింది. గుడ్ల మీద ఉన్నన్నాళ్ళూ తిందామని దాచుకున్న సజ్జలన్నీ తీసి ఇచ్చేసింది. పొట్లం అందుకుని అడిగింది.

"నిజంగా రాదా చెల్లీ? నీళ్ళు తాగి రెండు రోజులైంది. వీటిని వదిలి కదల్లేకపోతున్నా. ఇది పోసి, ఎండ తగ్గాక వాగు దాకా వెళ్ళి రావచ్చా?"

చెంగి గొంతూ ఎండిపోయి ఉంది. ఆ దాహం ఎలాంటిదో దానికి తెలుసు.

"వెళ్ళి రా అక్కా. బెంగపడకు."

"ఒట్టా?"

చెంగి ఒక్క క్షణం ఆగింది. ఒక్క క్షణమే.

"ఒట్టు," అంది.

సజ్జలు మూట కట్టుకుని, త్వరగా చేరాలని నక్క బొరియ వెనక దారిన పడింది. అక్కడ రంగడు ఒక పుట్టని గోకి, ఆ మన్ను పొట్లాలు కడుతున్నాడు.

"ఏం చేస్తున్నావన్నా?"

"రేపటి సరుకు."

చెంగి మన్ను వాసన చూసింది. వారం రోజులుగా తన ఒంటికి అంటుకున్న వాసనే. "ఇది పుట్టమన్ను! పాములుండేదే పుట్టలో కదా!"

"ఏడు రోజులు అమ్మావు. ఒక్కరోజైనా ఇదేమిటని అడిగావా?"

"మరి ఈ పుట్టలో ఉండే పాము ఏదీ?"

రంగడు తల ఊపలేదు. "ఇల్లు తవ్వేస్తే ఉంటుందా? ఎక్కడో తిరుగుతోంది. నీకెందుకు ఇదంతా? పొద్దు దిగుతోంది, పద హాజరుకి."

అటువైపు అప్పుడే చప్పట్లు మొదలయ్యాయి. చెంగి కాళ్ళు రెండడుగులు అటే వేశాయి. తొర్రలో అమ్మ కళ్ళు గుర్తొచ్చాయి. వానలో ఖాళీ తొర్ర గుర్తొచ్చింది. హాజరు చెప్పి వెంటనే పరుగెత్తితేనో? ఈలోపు ఏమీ కాదేమో? పాము అటు రాదేమో?

రాదేమో. రావచ్చేమో. ఈపాటికి కౌజుపిట్ట వాగు దగ్గర వంగి నీళ్ళు తాగుతూ ఉంటుంది, తను వేసిన ఒట్టుని నమ్ముకుని.

"చెంగీ! ఎక్కడికే! వారమంతా పోతుంది!" అని వెనక నుంచి అరిచాడు రంగడు.

చెంగి వెనక్కి తిరిగి చూడలేదు.

అది చేరేసరికి దుబ్బులో గుడ్లు మాత్రమే ఉన్నాయి. ముందు గోధుమరంగు గీత చక్కగా పోసి ఉంది. ఆ గీత మీద తల ఆనించి పడుకుని ఉంది పాము.

"ఎవరో గాని నా ఇంటి మన్ను ఇక్కడ పోశారు," అంది పాము. "మూడు రోజుల్నుంచి వెతుక్కుంటున్నా. లోపల గుడ్లు కూడా పెట్టించారు. ఎంత మర్యాద!"

చెంగి పక్కనున్న పొద మీదికి ఎగిరి, తోక నిగిడించి, గొంతు చీరుకుపోయేలా కిచకిచమని అరిచింది. గోరింకలు విన్నాయి. పికిలిపిట్టలు విన్నాయి. కొమ్మకొమ్మ నుంచీ దిగి పాము నెత్తి మీద గోల గోలగా మూగాయి. పాము విసుక్కుంది. ముక్కుతో గీతని ఒకసారి తాకి, నెమ్మదిగా పొదల్లోకి వెళ్ళిపోయింది.

దూరంగా చప్పట్లు ఆగిపోయాయి. హాజరు అయిపోయింది.

కౌజుపిట్ట తడి రెక్కలతో వచ్చింది. చెంగి ఏమీ దాచకుండా చెప్పింది. పుట్టమన్ను సంగతి చెప్పింది. పక్క దుబ్బులో పాము లేనే లేదని చెప్పింది. సజ్జల మూట దాని ముందు పెట్టింది.

కౌజుపిట్ట మూట వైపు చూడలేదు. ముందు గుడ్లు లెక్కపెట్టుకుంది. ఏడూ ఉన్నాయి.

"నన్ను అక్కా అన్నావు," అంది. "అని మరీ ఒట్టేశావు."

చెంగి మూటని ఇంకాస్త ముందుకు జరిపింది.

"ఇలా ఎన్ని ఇళ్ళలో పోయించావు?"

"దీనితో ఇరవై ఒకటి."

"మిగతా ఇరవై ఇళ్ళవాళ్ళకి ఎవరు చెప్తారు?"

చెంగి ఆ సంగతి అప్పటిదాకా ఆలోచించలేదు.

ఇంటికెళ్ళేసరికి అమ్మ తొర్రలోంచి తల బయటపెట్టి చూస్తోంది. చేతులు ఖాళీగా ఉండడం చూసింది. కారణం అడిగింది. చెంగి ఏడుస్తూ చెప్పింది. అమ్మ కుంటికాలు ఒకసారి చాచి చూసుకుంది.

"తెల్లారగానే నన్ను దింపు," అంది. "నువ్వొక్కదానివే ఆ ఇళ్ళకి వెళ్తే తంతారు. కుంటిదాన్ని, నన్ను చూసైనా ఆగుతారు."

"తిండి ఎలాగమ్మా?"

"దారిలో ఏమైనా రాలి ఉంటే ఏరుకుందాం. పడుకో."

తెల్లారి ఇద్దరూ బయల్దేరారు. ఒకరు పరుగు, ఒకరు కుంటు. మొదటి ఇంట్లో తిట్టారు. రెండో ఇంట్లో మట్టి విసిరారు. మూడో ఇంటికి వెళ్ళేసరికి వాన మొదలైంది, అనుకున్నదానికంటే ముందే.

నాలుగోది ముళ్ళపంది తాత బొరియ. ఆయన గుమ్మంలోకి వచ్చి, తడిసి ముద్దయిన తల్లీకూతుళ్ళని చూసి జాలిపడ్డాడు.

"అయ్యో, ఈ వానలో ఏమిటమ్మా! లోపలికి రండి, రండి," అన్నాడు.

అమ్మ ఒక అడుగు వేయబోయింది. చెంగి ఆమెని ఆపింది.

"ముందు నేను చెప్పేది వినండి తాతా. విన్నాక కూడా రమ్మంటే వస్తాం," అని వానలోనే నిలబడి చెప్పడం మొదలుపెట్టింది.

వాన హోరులో మాట సరిగ్గా వినబడటం లేదని, ముళ్ళపంది తాత తనూ బయటికొచ్చి దాని పక్కన నిలబడి విన్నాడు.

నీతి: మన ఆకలి ఎంత నిజమైనా, దాన్ని తీర్చుకోవడానికి ఇంకొకరి గుమ్మంలో అబద్ధం అమ్మకూడదు. అమ్మామని తెలిసిన రోజు, ఏం పోగొట్టుకున్నా సరే, ఆ గుమ్మానికే తిరిగి వెళ్ళి నిజం చెప్పాలి.