మూడూ ఉంటేనే కోన

అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఒకరోజు ఒక మాంత్రికుడొచ్చి రాజును రాయిగా మార్చేసి, నిండుసభలో పకపకా నవ్వాడు.

"నేను చస్తేనే మీ నాన్న మళ్ళీ మనిషవుతాడు. నా ప్రాణం చిలుకలో ఉంది. చిలుక ఏడు సముద్రాల అవతల కోనలో ఉంది. కోనంటే ఏమిటో మీలో ఒక్కడికైనా తెలుసా?"

తెలియదు. అది పాతమాట. పండితులు గడ్డాలు నిమురుకున్నారు, అంతే.

పెద్దవాడు వెళ్ళాడు. కొండలూ ఏరూ చూసి ఇదే కోన అనుకున్నాడు. చెట్టే లేదు, ఇక చిలుకెక్కడిది? రెండోవాడు వెళ్ళాడు. చెట్లూ ఏరూ చూసి ఇదే కోన అనుకున్నాడు. చదునైన అడవిలో ఏళ్ళతరబడి తిరిగినా చిలుక దొరకలేదు. ఇద్దరూ వట్టిచేతులతో తిరిగొచ్చారు.

నాన్న రాతిముఖం చూస్తే చిన్నవాడు జయంతుడికి గుండె తరుక్కుపోయింది. "తెలియనిదాన్ని వెతకడమెందుకు? అడిగితే పోలా!" అనుకుని ఏడు సముద్రాలూ దాటాడు. అవతలి ఒడ్డున తేనె తీసే పిల్ల పైడి కనబడితే అడిగాడు.

"ఇంత పెద్దోడివి, కోనెరగవా?" పైడి నవ్వింది. "రెండుపక్కలా కొండుండాల. నడుమ చెట్లుండాల. చెట్లకింద నీళ్ళ సప్పుడు ఇనబడాల. మూడిట్లో ఒకటి లేకపోయినా మా పెద్దోళ్ళు కోన అనరు. ఇంకోమాట. మొదటి తేనెతుట్టె ఎలుగుబంటిది. దానికి పెట్టకుండా లోపల కాలెట్టకు."

ఒక తుట్టె ఇచ్చి దారి చూపింది. జయంతుడు కోన చేరేసరికి మూడురోజుల ఆకలి. తేనె చేతిమీద కారుతోంది. నాకబోయి, ఆగి, తుట్టె మొత్తం రాతిమీద పెట్టాడు.

ఎలుగుబంటి వచ్చి చప్పరించింది. "ఆ మాంత్రికుడు ఏనాడూ నాకు చుక్క పెట్టలేదు నాయనా. మద్దిచెట్టు తొర్రలో చూడు" అంది.

జయంతుడు చిలుక మెడ నులమగానే అక్కడ మాంత్రికుడు కూలాడు. కోటలో రాజు కళ్ళు తెరిచి, "నా చిన్నవాడేడీ?" అన్నాడు.

జయంతుడు పైడినే పెళ్ళాడతానన్నాడు. కోనలోనే పెళ్ళన్నారు. అన్నలు ముచ్చటపడి, ఆ చెట్లన్నీ కొట్టించి పెద్ద పందిరి వేయిస్తామన్నారు.

"కొట్టించండి బావా" అంది పైడి. "ఆపైన దాన్ని కోన అనొద్దు, నన్ను పెళ్ళికూతురనొద్దు."

అన్నలు మళ్ళీ పందిరి మాట ఎత్తితే ఒట్టు! మద్దిచెట్టు కిందే మూడుముళ్ళూ పడ్డాయి. మొదటి తుట్టె ఎలుగుబంటి తింది, రెండోది పెళ్ళికొడుకు తిన్నాడు. వాళ్ళు నూరేళ్ళు రాజ్యమేలారు. అన్నేళ్ళూ ఆ కోన కోనలాగే ఉంది.