కోట తలుపూ ఏడు ఏనుగులూ

మంత్రి గంభీరయ్య రాజుగారి ఎదుటే కోట తలుపును ఏడు ఏనుగులతో గుద్దించాడు. తలుపు కదల్లేదు. ఏనుగులకే తలనొప్పి వచ్చింది.

"ఇక చీమైనా దూరదు మహారాజా," అన్నాడు మంత్రి.

రాజుగారి అంగీకి కొలతలు తీస్తున్న దర్జీ మస్తానమ్మ, "మంత్రిగారూ, కాపలావాళ్లకు తమరు రాసిచ్చిన నియమాల తాటాకు ఒకసారి చదవొచ్చా అయ్యా? మేం అంగీని లాగి చూడం. తిరగేసి కుట్టు చూస్తాం," అంది.

"చదువుకో. తప్పు దొరక్కపోతే ఊరొదిలి పోవాలి."

ఆమె తాటాకు చదివి, బయటికెళ్లి తలుపు తట్టింది.

"రహస్యపు మాట చెప్పు," అన్నాడు కాపలావాడు.

"మర్చిపోయాను నాయనా."

"గుమ్మడికాయ," అని గుర్తుచేసి తలుపు తీశాడు. తాటాకులో మూడో నియమం అదే: మరిచినవాళ్లకు కాపలావాడు గుర్తుచేయాలి.

"ఇదెవరికోసం రాశావయ్యా?" అని రాజుగారు అడిగితే మంత్రి నేలచూపులు చూశాడు. రాజుగారు ఆ నియమం కొట్టేయించి, మాట కూడా మార్పించారు.

మర్నాడు మంత్రి కోట బయట నిలబడి, కొత్త మాట గుర్తురాక తెలిసిన కూరగాయల పేర్లన్నీ వరసగా చెబుతున్నాడు. కాపలావాడు తల అడ్డంగా ఊపుతున్నాడు.

లోపల గుండీలు కుడుతున్న మస్తానమ్మ కిటికీలోంచి తొంగిచూసి, "అయ్యా, ఏనుగుల్ని పంపమంటారా?" అంది.